బండి మీద ఇల్లు, ఇంటి మీద డిష్



వేసవి సెలవులు దగ్గర పడుతున్నాయి. మన వాళ్ళలో ఆర్‌.వి. అద్దెకి తీసుకుని ఊళ్ళు తిరిగే అలవాటు ఈ మధ్య బాగా పెరిగింది. ఇండియా నుంచి ఈ ప్రసంగం చదివే వారి కోసం చెప్తున్నాను, ఆర్‌.వి. అంటే చక్రాల మీద ఇల్లు. వంటగది, మంచం, స్నానాలగది అన్నీ బండిలోనే ఉంటాయి. కొన్నిటికి ఇంజను ఉంటుంది, కొన్నిటిని మన ట్రక్కుకి తగిలించి లాక్కెళ్ళాలి. నాకున్నది ఈ రెండో రకం. పాతదే, మూడేళ్ళ క్రితం కొన్నాను. కన్సల్టింగ్ ఉద్యోగం కదా, ప్రాజెక్టు ఏ ఊళ్ళో పడితే ఆ ఊరికి ఇల్లు వెంటేసుకుని వెళ్ళిన రోజులున్నాయి.

పోయిన నెలలో నలుగురైదుగురు నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే. "ఆర్‌.వి.లో శాటిలైట్ టీవీ పెట్టుకోవచ్చా? అందులో తెలుగు ఛానళ్ళు వస్తాయా?" ఇంకో సంగతేమిటంటే, అడిగిన వాళ్ళందరి ఇళ్ళలోనూ అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చి ఉన్నారు. మనకి టీవీ లేకపోయినా పదిరోజులు గడిచిపోతాయి, చేతిలో ఫోనుంది, డ్రైవింగు పనీ ఉంది. పెద్దవాళ్ళకి అలా కాదు. పగలంతా కొండలూ జలపాతాలూ చూసి సంతోషిస్తారు. చీకటి పడ్డాక అడవి మధ్యలో, పది అడుగుల వెడల్పు కూడా లేని బండిలో, చుట్టుపక్కల భాష తెలిసిన మనిషి లేకుండా కూర్చోవాలి. ఆ రెండు మూడు గంటలు వాళ్ళకి చాలా పొడుగ్గా ఉంటాయి. కాబట్టి ఈ ప్రశ్నని తేలిగ్గా తీసిపారేయలేను.

మొదటి ప్రశ్నకి జవాబు, పెట్టుకోవచ్చు. రెండోదానికి జవాబు చెప్పే ముందు మీరు టీవీ కంపెనీ వాళ్ళనీ, యాంటెన్నా అమ్మేవాళ్ళనీ ఒక మాట అడగాలి. "నాకు కావలసిన ఫలానా ఛానల్ ఏ ఉపగ్రహం నుంచి వస్తోంది? అది ఎన్ని డిగ్రీల దగ్గర ఉంది? ఈ యాంటెన్నా దాన్ని చూడగలదా?" దీనికి సూటిగా జవాబు వచ్చేదాకా జేబులోంచి డబ్బు తీయకండి. కప్పు మీద బిగించే ఆటోమేటిక్ యాంటెన్నా మంచిరకం కొనాలంటే వెయ్యి డాలర్లు దాటుతుంది. "రెండు వందల ఛానళ్ళు వస్తాయండీ" అని అమ్మేవాళ్ళు చెప్పే మాట నిజమే కావచ్చు. ఆ రెండు వందల్లో మీ అమ్మగారు చూసేది ఒక్కటి కూడా ఉండకపోవచ్చు.

ఎందుకు ఉండదో చెప్తాను. టీవీ ఉపగ్రహాలన్నీ సరిగ్గా భూమధ్యరేఖ పైన, 35,786 కిలోమీటర్ల ఎత్తులో, భూమితో పాటే తిరుగుతూ ఉంటాయి. అందుకే మనకి ఆకాశంలో ఒకేచోట మేకు కొట్టినట్టు కనిపిస్తాయి. అమెరికాలో ఎక్కడ నిలబడినా అవి దక్షిణం వైపే. 119 డిగ్రీల ఉపగ్రహం అంటే పడమటి రేఖాంశం 119 మీద, అంటే పసిఫిక్ సముద్రం పైన ఉన్నది. 61.5 అంటే బ్రెజిల్ అడవుల పైన ఉన్నది. డిష్ నెట్‌వర్క్ వాళ్ళకి రెండు వరసలున్నాయి. పడమటి వరసలో 110, 119, 129. తూర్పు వరసలో 61.5, 72.7. డైరెక్‌ టీవీ వాళ్ళకి ముఖ్యమైనవి 99, 101, 103. వీటిలో 99, 103 నుంచి వచ్చే హెచ్‌.డి. ఛానళ్ళు కె.ఎ. బ్యాండు అనే వేరే ఫ్రీక్వెన్సీలో వస్తాయి. ఆర్‌.వి.ల మీద కనిపించే చిన్న గుమ్మటాల్లో చాలావాటికి అది అందదు. అందుకే ఆర్‌.వి. జనంలో ఎక్కువమంది డిష్ నెట్‌వర్క్ వైపు మొగ్గు చూపుతారు.

మరి మన ఛానళ్ళ సంగతి? 2000ల చివర్లో ఇంటి కప్పు మీద డిష్ పెట్టించుకున్న వాళ్ళకి గుర్తుండే ఉంటుంది. పక్కింటి అమెరికన్ల డిష్ కంటే మన డిష్ కాస్త పెద్దదిగా, వెడల్పుగా ఉండేది. పడమటి వరస వాడేవాళ్ళకి భారతీయ భాషల ఛానళ్ళలో చాలావాటిని 118.7 దగ్గరున్న వేరే ఉపగ్రహం నుంచి ఇచ్చేవారు. 119 పక్కనే ఉంది కదా, అదే డిష్‌కి అందదా అని అనిపిస్తుంది. అది వేరే ఫ్రీక్వెన్సీ బ్యాండు, దానికి వేరే ఎల్‌.ఎన్‌.బి. కావాలి. ఎల్‌.ఎన్‌.బి. అంటే డిష్ ముందు చెయ్యి చాపినట్టుండే కడ్డీ చివర ఉన్న డబ్బా. ఆర్‌.వి. గుమ్మటం లోపలి యంత్రానికి ఫ్యాక్టరీలోనే ఫలానా మూడు ఉపగ్రహాలు వెతకమని నేర్పి పంపిస్తారు. నాలుగోది ఉందని దానికి తెలియదు. పైగా ఇప్పుడు మన తెలుగు ఛానళ్ళు ఉపగ్రహం వదిలి చాలావరకు ఇంటర్నెట్ దారి పట్టాయి. యప్ టీవీ, స్లింగ్, సన్ నెక్స్ట్, 2020లో వచ్చిన ఆహా, ఇవన్నీ ఇంటర్నెట్ మీద నడిచేవే. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ముందు మామూలు డిష్ గురించి మాట్లాడుకుందాం. పిల్లలకి కార్టూన్లు, మనకి వార్తలు, ఆటలు, వీటికి అది ఇప్పటికీ మంచి సాధనమే. ఇంటర్నెట్ లాగా నెలకి ఇంత డేటా అని లెక్క ఉండదు, సెల్ టవర్ అవసరం లేదు.

నా సలహా మూడుకాళ్ళ స్టాండు మీద పెట్టే విడి డిష్. రెండు వందల డాలర్ల లోపే స్టాండూ డిష్షూ వచ్చేస్తాయి. గుమ్మటమైతే మీట నొక్కితే తనే వెతుక్కుంటుంది, వర్షంలో బయటికి పోనక్కర్లేదు, అంతవరకు సుఖమే. కానీ అది బండి కప్పుకి అతుక్కుని ఉంటుంది. బండి చెట్టు కింద ఉంటే అదీ చెట్టు కిందే. విడి డిష్ అయితే యాభై అడుగుల తీగ లాగి ఎండ పడే చోట పెట్టుకోవచ్చు. ఎండాకాలంలో బండి నీడలో ఉండాలి, డిష్ ఎండలో ఉండాలి. ఈ రెండిటికీ పొత్తు కుదిర్చేది ఆ తీగే.

చెట్ల లెక్క కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే నూటికి తొంభై పాళ్ళు టీవీ రాకపోవడానికి కారణం ఇదే. ఉపగ్రహం ఆకాశంలో ఎంత ఎత్తున కనిపిస్తుందనేది మీరున్న చోటుని బట్టి మారుతుంది. డాలస్‌లో 119 ఉపగ్రహం నేలకి 45 డిగ్రీల ఎత్తులో, నైరుతి దిక్కున ఉంటుంది. ఎల్లోస్టోన్ వెళ్తే అదే 38 డిగ్రీలకి దిగుతుంది. ఇంకా పైకి, మోంటానాలో గ్లేసియర్ పార్కుకి వెళ్తే 34. యాభై అడుగుల చెట్టు దక్షిణాన ఉందనుకోండి. డాలస్‌లో దానికి యాభై అడుగులు ఇవతల డిష్ పెడితే చాలు. గ్లేసియర్‌లో డెబ్బై అయిదు అడుగులు కావాలి. ఈ పార్కుల్లో పైన్ చెట్లు యాభై అడుగులతో ఆగవు కూడా.

మెయిన్ రాష్ట్రంలో అకేడియా పార్కుకి వెళ్ళారంటే మరీ విచిత్రం. అక్కడ 119 ఉపగ్రహం 19 డిగ్రీల దగ్గర, 129 అయితే 12 డిగ్రీల దగ్గర ఉంటాయి. అంటే దాదాపు చెట్ల మొదళ్ళలోంచి చూడాలి. అదే తూర్పు వరసలో 61.5 అక్కడ 38 డిగ్రీల ఎత్తులో హాయిగా కనిపిస్తుంది. కాబట్టి తూర్పు తీరానికి వెళ్ళేవాళ్ళు తమ యాంటెన్నా తూర్పు వరసని కూడా పట్టగలదో లేదో బయలుదేరే ముందే చూసుకోవాలి. కొన్ని గుమ్మటాలు రెండూ పడతాయి, కొన్ని పట్టవు.

డిగ్రీలు కొలవడానికి పరికరం అక్కర్లేదు. చెయ్యి బారుగా చాపి పిడికిలి బిగిస్తే ఆ పిడికిలి ఎత్తు సుమారు పది డిగ్రీలు. నేల, ఆకాశం కలిసే గీత దగ్గర్నుంచి పిడికిలి మీద పిడికిలి పేర్చుకుంటూ పోండి. ఎల్లోస్టోన్‌లో నాలుగు పిడికిళ్ళకి కాస్త తక్కువ. అక్కడ ఆకు కనిపించిందా, ఆ చోటు వదిలేయండి. ఆకుల సందుల్లోంచి ఆకాశం కనిపిస్తోంది కదా అని ఆశపడకండి. పచ్చి ఆకులో నీరుంటుంది, ఆ నీరే సిగ్నల్ని తాగేస్తుంది.

ఇక డిష్ నిలబెట్టడం. స్టాండు కాళ్ళ మీద కాదు, నిలువు గొట్టం మీద లెవెల్ పెట్టి చూడండి. గొట్టం నిట్టనిలువుగా లేకపోతే ఆ తర్వాత చేసే లెక్కలన్నీ తప్పుతాయి. మధ్యలో అయిదు లీటర్ల నీళ్ళ డబ్బా వేలాడదీస్తే గాలికి పడిపోదు. రిసీవర్‌లో మీరున్న చోటి జిప్ కోడ్ కొడితే మూడు అంకెలిస్తుంది: ఏ దిక్కుకి తిప్పాలి, ఎంత పైకి ఎత్తాలి, డిష్‌ని పక్కకి ఎంత వంచాలి. ఎత్తూ వంపూ ముందే డిష్ వెనకున్న కొలబద్ద మీద బిగించేసి, చివర్న దిక్కు ఒక్కటే వెతకండి. మూడూ ఒకేసారి కదిలిస్తే తెల్లారిపోతుంది.

దిక్సూచి పట్టుకుని బండి పక్కన నిలబడకండి, బండి నిండా ఇనుమే. పదడుగులు అవతలికి వెళ్ళండి. ఇంకోటి, దిక్సూచి చూపించే ఉత్తరం అసలు ఉత్తరం కాదు. గ్లేసియర్ దగ్గర సుమారు 13 డిగ్రీలు తూర్పుకి, మెయిన్‌లో సుమారు 15 డిగ్రీలు పడమరకి జరిగి ఉంటుంది. రిసీవర్ ఇచ్చిన అంకె ఏ ఉత్తరం లెక్కన ఇచ్చిందో చూసుకోవాలి. ఫోనులో దిక్సూచి వాడేవాళ్ళు సెట్టింగులో అసలు ఉత్తరం ఎంచుకుంటే, అంకె కూడా ఆ లెక్కదే అయితే, ఈ తిప్పలుండవు.

చాలామందిని తికమక పెట్టేది డిష్ ఆకారం. 38 డిగ్రీలు పైకి చూడాలంటారు, తీరా చూస్తే డిష్ దాదాపు నిటారుగా ఎదురింటి కిటికీలోకి చూస్తున్నట్టుంటుంది. అది తప్పు కాదు. ఈ డిష్‌లలో ఎల్‌.ఎన్‌.బి. నడిమధ్యలో కాకుండా కింద ఉంటుంది కాబట్టి, డిష్ కనిపించే కోణం కంటే ఇరవై డిగ్రీల పైచిలుకు ఎత్తుకి చూస్తుంది. కళ్ళని నమ్మకండి, కొలబద్దని నమ్మండి.

ఇక మిగిలింది మన తెలుగువాళ్ళకి కొత్త కాని పనే. ఒకరు లోపల టీవీ ముందు, ఒకరు బయట. "వచ్చిందా?" "రాలేదు." "ఇప్పుడు?" "వచ్చింది, వచ్చింది, అయ్యో పోయింది!" దూరదర్శన్ రోజుల్లో ఆదివారం పొద్దున్న మేడమీద యాంటెన్నా తిప్పిన మా నాన్నగారి తరానికి ఇది వెన్నతో పెట్టిన విద్య. తేడా ఒక్కటే. ఆ యాంటెన్నాని ఎటు తిప్పినా బొమ్మ చుక్కల చుక్కలుగా అయినా కనిపించేది. ఈ డిష్ చూపు మూడు నాలుగు డిగ్రీల కంటే వెడల్పు ఉండదు, డిజిటల్ కాబట్టి వస్తే పూర్తిగా వస్తుంది, లేకపోతే అసలు రాదు. రిసీవర్ గుర్తుపట్టడానికి కొన్ని సెకన్లు పడుతుంది. అందుకని వేలెడంత కాదు, గింజెడంత కదిపి, అయిదు లెక్కపెట్టి, మళ్ళీ కదపాలి. సిగ్నల్ గట్టిగా వచ్చినా ఛానళ్ళు రాలేదంటే పక్క ఉపగ్రహాన్ని పట్టుకున్నారన్న మాట. తెర మీద ఏ ఉపగ్రహమో రాసి ఉంటుంది, చూసుకోండి.

డిష్ అంటే గుర్తొచ్చింది. ఉపగ్రహం నుంచి నేరుగా జనానికి టీవీ అన్న ప్రయోగం పెద్ద ఎత్తున జరిగింది అమెరికాలో కాదు, మన దేశంలో. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా నాసా వాళ్ళ ఏ.టి.ఎస్‌.-6 ఉపగ్రహాన్ని మన ఇస్రో అరువు తీసుకుని ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకి కార్యక్రమాలు చూపించింది. సైట్ అనేవారు దాన్ని. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి, తెలుగులోనూ కార్యక్రమాలు వచ్చాయి. పల్లెల్లో పెట్టిన డిష్‌లు పదడుగుల వెడల్పున, కోళ్ళగూటికి వాడే తీగ వలతో చేసినవి. ఏడాది కాగానే ఉపగ్రహాన్ని వెనక్కి తీసుకెళ్ళిపోయారు. అమెరికాలో అడుగున్నర డిష్‌తో డైరెక్‌ టీవీ వచ్చింది 1994లో, డిష్ నెట్‌వర్క్ 1996లో. ఎల్లోస్టోన్‌లో డిష్ తిప్పుతున్నప్పుడల్లా నాకు ఆ కోళ్ళవల డిష్ తలపుకొస్తుంది.

సరే, తీగల సంగతి. డిష్ నుంచి వచ్చే తీగ ఆర్‌.జి.-6 రకం అయి ఉండాలి. బండి పక్కన గోడకి రెండు మూడు సాకెట్లుంటాయి. శాటిలైట్ అని రాసి ఉన్నదానికే తగిలించాలి, కేబుల్ అని ఉన్నదానికి కాదు. రిసీవర్ అదే తీగలోంచి పైకి 13 లేదా 18 వోల్టులు పంపి ఎల్‌.ఎన్‌.బి.ని నడుపుతుంది. మధ్యలో మామూలు స్ప్లిటర్ గానీ, గోడ మీద చిన్న ఎర్రలైటుతో ఉండే యాంటెన్నా బూస్టర్ గానీ ఉంటే ఆ వోల్టేజీ పైకి పోదు. పాత బండ్లలో సాకెట్ పేర్లు ఒకటుండి లోపల తీగలు ఇంకోచోటికి పోవడం నేను చూశాను. అనుమానమొస్తే కిటికీలోంచే తీగ లోపలికి లాగి రిసీవర్‌కి నేరుగా తగిలించి చూడండి. అయిదు నిమిషాల్లో తేలిపోతుంది.

కరెంటు గురించి రెండు ముక్కలు. టీవీ, రిసీవర్ కలిపి అరవై డెబ్బై వాట్లు. నూరు ఆంపియర్ అవర్ల మామూలు బ్యాటరీలో సగమే వాడుకోవాలి, అంటే ఆరు వందల వాట్ అవర్లు. ఇన్వర్టర్ తినేది పోను ఓ ఏడు గంటలు. ఫ్యానూ లైట్లూ కలుపుకుంటే ఇంకా తగ్గుతుంది. చాలా పార్కుల్లో రాత్రి ఎనిమిది దాటాక జనరేటర్ వేయనివ్వరు. వేసినా కిటికీ కింద పెట్టకండి, ఆ పొగలో వాసన లేని విషవాయువు ఉంటుంది.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే సంగతి. ఇది వినోదం విషయం కాదు.

మా అమ్మానాన్నలతో కలిసి మేం డాలస్ నుంచి ఎల్లోస్టోన్‌కి బయలుదేరింది 2024 మే నెలాఖరులో. పెద్దవాళ్ళు కాళ్ళు చాపుకుని కూర్చోవాలని నా ట్రైలరు వదిలేసి ఇంజనున్న పెద్ద బండి అద్దెకి తీసుకున్నాం. దాని కప్పు మీద గుమ్మటం ఉంది. మా అమ్మ చూసి "పైన ఆ బోర్లించిన గంగాళం ఏమిట్రా?" అంది. మేం బయలుదేరడానికి నాలుగు రోజుల ముందు, మే 25 రాత్రి, డాలస్‌కి ఉత్తరాన వాలీ వ్యూ దగ్గర పెద్ద సుడిగాలి వచ్చింది. ఏడుగురు చనిపోయారు. మేం వెళ్ళాల్సిన దారి అదే.

టీవీ ఉంది కదా, తుఫాను హెచ్చరికలు అందులో వస్తాయిలే అని చాలామంది ధీమాగా ఉంటారు. రెండు కారణాల వల్ల అది పనికిరాదు. ఒకటి, స్థానిక ఛానళ్ళని ఉపగ్రహం ఒక ప్రాంతం మీదికే, టార్చి వెలుగులాగా వేస్తుంది. డాలస్ ఛానళ్ళు డాలస్ చుట్టుపక్కలే వస్తాయి. కాన్సాస్‌ లోపలికి వెళ్ళేసరికి అవి మాయమవుతాయి. కంపెనీకి చెప్పి చిరునామా మార్పించుకుంటే కొత్త ఊరి ఛానళ్ళు ఇస్తారు, కానీ రోజుకో ఊళ్ళో ఉండేవాళ్ళు రోజూ ఆ పని చేస్తారా? రెండు, ఇది ఇంకా ముఖ్యం. ఈ సిగ్నల్ 12 గిగాహెర్ట్జ్ దగ్గర ఉంటుంది, గట్టి వాన చినుకులు దాన్ని మింగేస్తాయి. అంటే తుఫాను మేఘం మీకూ దక్షిణాకాశానికీ మధ్యకి వచ్చిన క్షణంలోనే బొమ్మ పోతుంది. హెచ్చరిక అన్నిటికన్నా అవసరమైన నిమిషంలో టీవీ కళ్ళు మూసుకుంటుంది.

అందుకని ముప్పై నలభై డాలర్లకి దొరికే వాతావరణ రేడియో ఒకటి కొని బండిలో పెట్టుకోండి. ప్రభుత్వ వాతావరణ శాఖ 162 మెగాహెర్ట్జ్ దగ్గర ఇరవై నాలుగు గంటలూ ప్రసారం చేస్తుంది, ప్రమాదముంటే రేడియో దానంతటదే మోగుతుంది. ఒక చిక్కుంది. హెచ్చరికలన్నీ కౌంటీ పేరుతో చెప్తారు. ఊరి పేరు తెలుసు, హైవే నంబరు తెలుసు, మనం ఏ కౌంటీలో ఉన్నామో ఎంతమందికి తెలుసు? రాత్రి బస చేసిన చోట మొదట కౌంటీ పేరు అడిగి, చుట్టుపక్కల కౌంటీల పేర్లతో సహా ఫ్రిజ్ మీద అంటించండి. పార్కులో గట్టి కట్టడం ఎక్కడుందో, సాధారణంగా స్నానాలగదుల భవనం, వెలుగుండగానే చూసుకోండి. సుడిగాలికి ఆర్‌.వి. అగ్గిపెట్టెతో సమానం, అందులో కూర్చోకూడదు. మా నాన్నగారికి ఈ పని అప్పగించాను. ఆయన హైస్కూలు మాస్టారుగా రిటైరయ్యారు, ప్రతి సాయంత్రం కౌంటీల పేర్లు నోటుపుస్తకంలో గుండ్రటి అక్షరాలతో రాసి నాకు చదివి వినిపించేవారు.

ఇక తెలుగు ఛానళ్ళు. ఆ ప్రయాణంలో మా నాన్నగారు పెట్టిన షరతు ఒకటే. జూన్ 4న ఆంధ్రప్రదేశ్ ఎన్నికల లెక్కింపు, అది చూడాలి. సర్వీసులో ఉన్నంతకాలం ఎన్నికల డ్యూటీ చేసిన మనిషి, చేతులతో బ్యాలెట్ కాగితాలు కట్టలు కట్టిన మనిషి. ఇండియాలో ఉదయం ఎనిమిదికి లెక్కింపు మొదలంటే మౌంటెన్ టైములో ముందురోజు, జూన్ 3, రాత్రి ఎనిమిదిన్నర. సరిగ్గా ఆ రాత్రి మేం ఎల్లోస్టోన్ దగ్గరుండాలి.

బండి అద్దెకిచ్చిన చోట కౌంటర్ దగ్గరి అబ్బాయి "ఇండియా ఛానళ్ళు కూడా వస్తాయి" అని నవ్వుతూ చెప్పాడు. ఏ ఉపగ్రహం నుంచి అని అడిగాను. అతనికి తెలియదు. గుమ్మటం మోడల్ నంబరు రాసుకుని వచ్చి కాగితాలు తిరగేస్తే పడమటి వరస మూడు ఉపగ్రహాలు తప్ప ఇంకేవీ లేవు. కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోలేదు. సెల్‌ఫోన్ మీద కూడా పెట్టుకోలేదు, ఆ పార్కులో చాలా చోట్ల సిగ్నలే ఉండదు. స్నేహితుడి దగ్గర స్టార్‌లింక్ యాంటెన్నా అరువు తెచ్చుకున్నాను.

ఇది కూడా శాటిలైటే, కానీ లెక్క పూర్తిగా వేరు. ఆ ఉపగ్రహాలు సుమారు 550 కిలోమీటర్ల ఎత్తులోనే, వేల సంఖ్యలో పరుగులు పెడుతూ ఉంటాయి. ఒకటి దాటిపోతే యాంటెన్నా ఇంకోదాన్ని అందుకుంటుంది. దక్షిణం వైపు చిన్న సందు దొరికితే చాలదు, నెత్తి మీద వెడల్పయిన ఆకాశం కావాలి. డిష్‌కి సరిపోయే చోటు దీనికి సరిపోకపోవచ్చు. వాళ్ళ ఆప్‌లో ఫోను కెమెరా ఆకాశానికి తిప్పితే ఏ చెట్టు అడ్డమో చూపిస్తుంది. మామూలు సైజుది డెబ్బై అయిదు నుంచి నూరు వాట్లు తీసుకుంటుంది, 2024లోనే వచ్చిన మినీ అయితే పాతిక నుంచి నలభై. ఆర్‌.వి.ల కోసం ఈ సేవ మొదలైంది 2022లో, నెలవారీగా కట్టుకోవచ్చు. నెల రుసుము మామూలు డిష్ కంటే చౌక అనలేను, కానీ ఇంట్లో చూసే తెలుగు ఆప్‌లన్నీ అందులో వస్తాయి.

పార్కు లోపలి బస అంతా పైన్ చెట్ల కింద. అందుకని ఆ ఒక్క రాత్రికి పార్కు బయట, పడమటి వైపు, చెట్లు లేని ఒక ప్రైవేటు ఆర్‌.వి. మైదానంలో చోటు తీసుకున్నాం. అందం లేదు, కంకర నేల, పక్కన హైవే. మా ఆవిడ "ఇంత దూరం వచ్చింది పార్కింగ్ లాటు చూడడానికా" అని సణిగింది. సాయంత్రం అయిదుకల్లా యాంటెన్నా పెట్టి, ఏడింటికల్లా న్యూస్ ఛానల్ పెట్టాం. ఎనిమిదిన్నరకి ముందు పోస్టల్ బ్యాలెట్లు లెక్కపెడతారని మా నాన్నగారు మాకందరికీ పాఠం చెప్పారు. రాత్రి పది దాటితే చప్పుడు చేయకూడదని అక్కడి నియమం, ఆయనకి ఇయర్‌ఫోన్లు పెట్టాం. పదకొండు దాటేసరికి గాలి ఎటు వీస్తోందో తెలిసిపోయింది, పిల్లలు నిద్రపోయారు. ఆయన మాత్రం రెండింటిదాకా కూర్చుని, నియోజకవర్గాల పేర్లన్నీ ఆ కౌంటీల నోటుపుస్తకంలోనే రాసుకున్నారు. మధ్యలో రెండుసార్లు బొమ్మ ఆగింది, అర నిమిషంలో మళ్ళీ వచ్చింది.

అడిగిన వాళ్ళకి నా జవాబు ఇది. పదిరోజుల ప్రయాణం, కావలసింది తెలుగు మాత్రమే అయితే డిష్ జోలికి పోకండి. అద్దెకో అరువుకో ఇంటర్నెట్ యాంటెన్నా తీసుకుని, కనీసం రెండు రోజులకొక రాత్రి చెట్లు లేని చోట బస చూసుకోండి. మిగతా రాత్రుల కోసం సీరియళ్ళూ సినిమాలూ ఇంట్లోనే ఫోనులోకో టాబ్లెట్‌లోకో దింపుకుని వెళ్ళండి, ఆప్‌లు చాలావరకు ఆ వీలు ఇస్తాయి. ఇండియాలో రాత్రి ఏడున్నర సీరియల్ మౌంటెన్ టైములో పొద్దున్న ఎనిమిదికి వస్తుందని కూడా గుర్తుంచుకోండి, కాఫీ తాగుతూ చూసుకోవచ్చు. సొంత బండి ఉండి, నెలల తరబడి తిరిగేవాళ్ళయితే మూడుకాళ్ళ డిష్ కొనుక్కోండి. కప్పు మీద గుమ్మటం ఉన్న బండి అద్దెకి తీసుకుంటే మోడల్ నంబరు రాసుకోండి. వాతావరణ రేడియో మాత్రం ఎవరయినా సరే, ఏ బండయినా సరే.

డిష్ కొన్నాక ఎత్తూ వంపూ అంకెలు అర్థం కాకపోతే మీరు వెళ్ళే పార్కు పేరు స్టూడియోకి పంపండి, వచ్చే వారం లెక్క కట్టి చెప్తాను.